చెడగొట్టి నేర్చుకొనే చదువు

నెట్‌వర్కింగ్ పరీక్షలకు చదివే పిల్లల తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇంట్లో ల్యాబు పెట్టుకుంటానంటున్నాడండీ మావాడు, ఎంతవుతుందంటారు?" దీనికి నా సమాధానం రెండు ముక్కలు. పరీక్ష రుసుములో సగమైనా ఖర్చు పెట్టనక్కరలేదు. కాని కొన్న వస్తువును చెడగొట్టుకొనే స్వేచ్ఛను మాత్రం పిల్లలకు పూర్తిగా ఇవ్వాలి. ఈ రెండవ ముక్క లేకపోతే మొదటి ముక్కకు విలువ లేదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తెలుగు పండితుడికి రౌటర్లతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. మా పక్కింటి అమ్మాయి పాలిటెక్నిక్ డిప్లొమా ముగించి సిసిఎన్ఏ పరీక్షకు చదువుతున్నది. వాళ్ళది రెండు గదుల ఇల్లు. అందుచేత ఆమె బల్ల మా ముందుగదిలో ఉన్నది. ఏడాదిగా ఆ బల్లమీద జరిగే చదువును దగ్గరగా చూస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలు ఎలా నేర్చుకొంటారో, ఎలా నేర్చుకోకుండా తప్పించుకొంటారో చూసిన కన్ను ఇది. విషయం కొత్తదైనా జబ్బు పాతదేనని నాకు తోచింది.

ఆ జబ్బు పేరు బట్టీ. పదవ తరగతి పిల్లవాడిని "మేనల్లుడు" ఏ సంధి అని అడిగితే తడుముకోకుండా అకారసంధి అంటాడు. గైడులో ఉన్నది కనుక. "చింతాకు" ఏ సంధి అంటే దిక్కులు చూస్తాడు. గైడులో లేదు కనుక. రెండింటిలోనూ జరిగింది ఒక్కటే. పూర్వపదం చివరనున్న అకారం లోపించింది. ఆ ఒక్క సంగతి పట్టుబడితే గైడు అక్కరలేదు. పట్టుబడకపోతే ఎన్ని గైడులైనా చాలవు. నెట్‌వర్కింగ్ పరీక్షల లోకంలో ఈ గైడులకు "డంపులు" అని పేరు. ఎవరో పరీక్ష రాసి వచ్చి చెప్పిన ప్రశ్నలు, వాటి జవాబులు కట్టగట్టి అమ్ముతారు. వాటిని వాడడం పరీక్ష నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే అర్హతే రద్దు కావచ్చు. నా బెంగ మాత్రం అంతకంటె పెద్దది. పట్టుబడని వాడు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే "చింతాకు" ఎదురవుతుంది.

సిసిఎన్ఏ అంటే సిస్కో సంస్థ 1998లో మొదలుపెట్టిన ప్రవేశస్థాయి అర్హత. ఒకప్పుడు దానిలో ఎన్నో శాఖలుండేవి. 2020 ఫిబ్రవరి 24 నుండి అన్నింటినీ కలిపి ఒక్క పరీక్ష చేశారు. రెండు గంటల పరీక్ష. రుసుము 300 డాలర్లు, ఆపైన పన్ను. మన లెక్కలో పాతికవేలు దాటినదే. ఉత్తీర్ణులైనా ఆ అర్హత మూడేళ్ళకు చెల్లిపోతుంది, మళ్ళీ నవీకరించుకోవాలి. దీనికి తోడు కోచింగు రుసుము. హైదరాబాదు అమీర్‌పేట వెళితే హాస్టలు ఖర్చు. ఒక కుటుంబం ఇంత సొమ్ము దేనిమీద పెడుతున్నది, దానికి బదులు ఏమి దొరుకుతున్నది అన్నది చిన్న విషయం కాదు.

మా కూర్మన్నపాలెంలో అది మరీ చిన్న విషయం కాదు. ఉక్కు కర్మాగారం ముఖద్వారం దగ్గర ఉన్న ఊరు మాది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ గేటు లోపలికి వెళ్ళినవాడికి బ్రతుకంతా భరోసా అని ఒక తరం నమ్మింది. 2021 జనవరిలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకొన్న తరువాత, మా కూడలిలోనే రిలే నిరాహారదీక్షల శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చింది. అయినా ఉద్యోగం తండ్రి నుండి కొడుక్కి వచ్చే ఆస్తి కాదని ఇప్పుడు మా వీధిలో అందరికీ తెలుసు. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ల కేంద్రాన్ని నిర్మిస్తామని ప్రకటించింది. ఆ ప్రకటన విన్ననాటి నుండి మా వీధిలో సిసిఎన్ఏ మాట ఎక్కువైంది. అవి కట్టినప్పుడు మన పిల్లలు లోపల రాకుల దగ్గర పనిచేస్తారా, బయట గేటు దగ్గర నిలబడతారా అన్నది వాళ్ళు ఇప్పుడు ఎలా చదువుతున్నారన్న దానిమీద కొంతైనా ఆధారపడి ఉంటుంది.

ఇక చెడగొట్టడం సంగతి. మా కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఎంత చక్కని పేర్లో! అయితే వాటి ముందు నిలబడి "ఇలా చేస్తే ఏమవుతుందో చూద్దాం" అనడానికి ఎవరికీ హక్కు లేదు. నడుస్తున్న నెట్‌వర్కు కూడా అంతే. ఓడరేవులోనో ఆసుపత్రిలోనో బ్యాంకులోనో నడుస్తున్న స్విచ్ మీద కొత్తగా చేరిన కుర్రవాణ్ణి ప్రయోగం చేయనివ్వరు, చేయనివ్వకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను చీల్చి వెళ్ళినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. అటువంటి రోజున వచ్చి తీగ తీగకూ అతికించి నిలబెట్టేవాడు అంతకు ముందెప్పుడో, ఎవరికీ నష్టం లేని చోట, అదే పనిలో పదిసార్లు ఓడిపోయి ఉండాలి. అలా ఓడిపోవడానికి చోటు కావాలి. ఇంటిలోని చిన్న ల్యాబు అటువంటి చోటు. దాని విలువ అందులోని పరికరాల ఖరీదులో లేదు, అక్కడ తప్పుకు శిక్ష లేకపోవడంలో ఉన్నది.

కనుక ఖర్చు వరుస ఇలా ఉండాలని నా అభిప్రాయం.

మొదటి మెట్టుకు ఒక్క రూపాయి అక్కరలేదు. ఇంట్లో ఓపాటి కంప్యూటరు ఉంటే చాలు. సిస్కో వారి నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకొంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగా దొరుకుతుంది. అది నాటకంలో కత్తి వంటిది. పోరాటం నేర్పుతుంది కాని తెగదు. నిజమైన ఆజ్ఞలన్నీ దానిలో ఉండవు. అయినా మొదటి మూడు నాలుగు నెలల చదువుకు అది ధారాళంగా సరిపోతుంది. ఆ తరువాత జీఎన్ఎస్3 వంటివి ఉన్నాయి. వాటిలో అసలు రౌటరు లోపల నడిచే మృదుసామగ్రినే కంప్యూటరులో నడపవచ్చు. అయితే సిస్కో వారి ఆ ప్రతులకు లైసెన్సు కావాలి. దొంగ ప్రతులు చేతులు మారుతుంటాయి. చదువును దొంగసొత్తుతో మొదలుపెట్టవద్దని పిల్లలకు చెప్పడం నా పాత వృత్తిధర్మం. ఎఫ్ఆర్ఆర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లినక్సు మీద ఉచితంగా నడుస్తుంది. దానిలో ఆజ్ఞలిచ్చే తీరు కూడా సిస్కో తీరుకు దగ్గరగానే ఉంటుంది.

ఈ మెట్టులోనే కాగితం, పెన్సిలు ఉన్నాయి. పిల్లలు భయపడే సబ్‌నెట్ లెక్కలకు ఏ పరికరమూ అక్కరలేదు. ఆ అమ్మాయి ఒకనాడు ఆ లెక్కల దగ్గర ఆగిపోయి కూర్చుంటే నేను చూసి, "ఇది మా ఛందస్సే కదమ్మా!" అన్నాను. ఒక స్థానంలో గురువో లఘువో ఉంటుంది, మరొకటి ఉండదు. వీళ్ళకు ఒకటో సున్నో. మూడక్షరాలకు ప్రస్తారం వేస్తే మగణం నుండి నగణం వరకు ఎనిమిది గణాలు. ఎనిమిది అక్షరాల అనుష్టుప్పు పాదానికి ప్రస్తారం వేస్తే 256 భేదాలు. ఐపీ అడ్రసులోని ఒక్కొక్క భాగం సరిగా ఎనిమిది స్థానాలు, అందుకే అది 0 నుండి 255 వరకు ఉంటుంది. 192.168.10.0 అనే నెట్‌వర్కును /26గా విభజించడమంటే చివరి ఎనిమిది స్థానాలలో మొదటి రెండింటిని నియతం చేసి, మిగిలిన ఆరింటిని విడిచిపెట్టడం. రెండు స్థానాలకు నాలుగు భేదాలు, కనుక నాలుగు ముక్కలు. ఆరు స్థానాలకు 64 భేదాలు, కనుక ముక్కకు 64 అడ్రసులు. మొదటిది నెట్‌వర్కు పేరుకు, చివరిది అందరికీ కలిపి పంపే సందేశాలకు పోగా 62 మిగులుతాయి. పింగళుడు చూపిన దారి ఇంత దూరం వస్తుందని నేను అనుకోలేదు. ఆ అమ్మాయికి ఆ సాయంత్రం తరువాత ఆ లెక్కలంటే భయం పోయింది.

రెండవ మెట్టులోనే డబ్బు. ఇక్కడే అతి చేసేవారు, పూర్తిగా మానేసేవారు అని రెండు వర్గాలు. ఒకరు రాకు నిండా పరికరాలుంటే గాని చదువు రాదంటారు. మరొకరు అంతా తెరమీద అయిపోతుంటే పాత ఇనుము దేనికంటారు. నా మాట ఈ రెండింటికీ నడుమ. వాడి తీసేసిన స్విచ్‌లు రెండు, రౌటరు ఒకటి. అంతే. సిస్కో 2960 తరగతి స్విచ్, 1841 తరగతి రౌటరు వంటివి ఆఫీసులవాళ్ళు తీసివేసినవి సెకండ్ హ్యాండ్ అంగళ్ళలో దొరుకుతాయి. వీటితోపాటు ఒక కన్సోల్ కేబులు, దానిని నేటి ల్యాప్‌టాప్‌కు తగిలించే యుఎస్‌బి కన్వర్టరు, ఒక క్రింపింగ్ టూలు, చిన్న టెస్టరు, కొంత తీగ, ఒక సంచిడు కనెక్టర్లు. మా బల్లమీదివన్నీ కలిపినా పరీక్ష రుసుములో సగం కాలేదు.

ఆ అమ్మాయి తండ్రి మొదట ఒప్పుకోలేదు. "ఏవండీ మేస్టారూ, కంప్యూటర్లోనే అన్నీ వస్తన్నాయంటంది కదా, మళ్ళీ ఈ పాతసామాను కెందుకండీ డబ్బులు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. తెర నేర్పనివి కొన్ని ఉన్నాయని ఆయనకు ఆ తరువాత బల్లే చెప్పింది.

మొదటిది తాళం. పాత రౌటరు చాలాసార్లు వెనుకటి యజమాని పాస్‌వర్డుతోనే వస్తుంది. దానిని ఆన్ చేస్తూ, కన్సోల్ నుండి బ్రేక్ సంకేతం పంపి మధ్యలో ఆపి, రిజిస్టరు విలువను 2102 నుండి 2142కు మార్చితే అది పాత అమరికను చదవకుండా లేస్తుంది. అప్పుడు లోపలికి వెళ్ళి కొత్త పాస్‌వర్డు పెట్టి, విలువను మళ్ళీ 2102 చేయాలి. చివరి పని మరచిపోతే మర్నాడు చేసిన పనంతా మాయమైనట్లు కనిపిస్తుంది. ఆ అమ్మాయి అది మరచిపోయి ఒక పూట ఏడుపు ముఖంతో తిరిగింది. ఇక ఈ జన్మలో మరువదు.

రెండవది తీగ. ఎనిమిది రంగుల పోగులు నాలుగు జంటలుగా మెలితిప్పి ఉంటాయి. టి568బి వరుస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట 3, 6 స్థానాలలో నీలానికి అటూ ఇటూ ఉండడం పిల్లలకు వింతగా తోస్తుంది. అందంగా ఉంటుందని జంటలను వరుసగా పెట్టి రెండు కొసలూ ఒకేలా బిగించిందా అమ్మాయి. టెస్టరులో ఎనిమిది దీపాలూ వెలిగాయి. కాని ఆ ముప్పై మీటర్ల తీగమీద పంపిన ఫైళ్ళు తెగిపోతూ వచ్చాయి. ఒకే సంకేతం మోసే రెండు పోగులు వేర్వేరు మెలికలలో పడితే పక్క జంట సందడి అందులోకి చొరబడుతుంది. టెస్టరు పోగు తెగిందా లేదా అన్నదే చెబుతుంది, జంట విడిపోయిందని చెప్పదు. "పరీక్షలో అన్ని దీపాలూ వెలిగినా పని జరగకపోవచ్చు" అన్న ఈ పాఠం డంపులతో పాసయ్యేవారికి కూడా వర్తిస్తుందని నేను అనకుండా ఉండలేకపోయాను.

మూడవది వలయం. రెండు స్విచ్‌ల నడుమ రెండు తీగలు కలిపితే, స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఒక దారిని మూసి ఉంచుతుంది. కొత్తగా తీగ పెట్టిన చోట దీపం ఒక అర నిమిషం నారింజరంగులో నిలిచి, తరువాత ఆకుపచ్చగా మారుతుంది. మూసిన దారి నారింజగానే ఉండిపోతుంది. ఆ అర నిమిషం స్విచ్ వినడానికి, తెలుసుకోవడానికి పడుతున్న సమయమని పుస్తకం చెబుతుంది. దీపం ముందు కూర్చొని ఎదురుచూసినవారికి అది అనుభవం. ఆ ఏర్పాటును తీసివేసి చూస్తే ఒక్కసారిగా దీపాలన్నీ పిచ్చెత్తినట్లు మిణుకుమంటాయి. స్విచ్ ఏ మాటా వినదు. ఐపీ ప్యాకెట్టుకు ఆయువు ఉంటుంది, ఒక్కొక్క రౌటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు ఆ లెక్క లేదు, తిరుగుతూనే ఉంటుంది. తీగ ఊడదీస్తే గాని ఆగదు. ఆఫీసులో ఇది జరిగితే ఉద్యోగం పోతుంది. మా ముందుగదిలో జరిగితే అందరం చప్పట్లు కొట్టాము.

సాహిత్యం చదివే మిత్రులకు ఇక్కడ ఒక ముచ్చట. ఈ స్పానింగ్ ట్రీని 1985లో కనిపెట్టిన రేడియా పెర్ల్‌మన్ తన పరిశోధనపత్రాన్ని ఒక చిన్న పద్యంతో మొదలుపెట్టారు. కొమ్మలున్నా వలయాలు లేని చెట్టు మీద పద్యం అది. శాస్త్రాన్ని పద్యంలో చెప్పడం మన వాళ్ళకు కొత్త కాదు గాని, ఆ రంగంలో అలా చెప్పినది ఒక స్త్రీ అని తెలిసినప్పుడు మా అమ్మాయి ముఖం వెలిగిన తీరు నాకు గుర్తున్నది.

ఆమె సంగతి వచ్చింది కనుక ఒక మాట. కొడుకునైతే అప్పు చేసైనా అమీర్‌పేట పంపే ఇళ్ళు, కూతురు దగ్గరకు వచ్చేసరికి "ఇక్కడ ఏదైనా చూసుకో" అంటాయి. అది మారాలి, సరే. మారేలోపల ఆ ఆడపిల్ల చదువు ఆగనక్కరలేదు. ఒక బల్ల, మూడు పాత పెట్టెలు ఆమెకు ఆ దూరాన్ని కొంత తగ్గిస్తాయి. ఇంటి ల్యాబు మీద నాకున్న పక్షపాతానికి ఇది పెద్ద కారణం.

మూడవ మెట్టు లేదు. అక్కడితో ఆగాలని చెప్పడమే మూడవ మెట్టు. చవకగా వస్తున్నదని పాత సర్వరు కొనకండి. ఇరవై నాలుగు గంటలూ 200 వాట్లు లాగే పెట్టె నెలకు 144 యూనిట్లు తింటుంది. మన కరెంటు బిల్లు శ్లాబుల మీద నడుస్తుందని మరువవద్దు. మా మూడు పెట్టెలూ కలిసి సుమారు 100 వాట్లు. రోజుకు నాలుగు గంటలు నడిపితే నెలకు 12 యూనిట్లు, ఆపకుండా వదిలేస్తే 72. చదువు అయిన వెంటనే ఆపడం మొదటి క్రమశిక్షణ. ఈ పాత వాటికి కంపెనీ మద్దతు ముగిసిపోయింది. భద్రతా సవరణలు రావు, కనుక ఇంటి ఇంటర్నెట్టుకు కాపలాగా వీటిని పెట్టకూడదు. సముద్రపు ఉప్పుగాలి, కర్మాగారపు దుమ్ము కలిసే ఊళ్ళో ఆపిన తరువాత ఒక గుడ్డ కప్పాలి, నడుస్తుండగా మాత్రం కప్పకూడదు. పరీక్షలో పదవ వంతు ఉన్న ఆటోమేషన్ భాగానికి ఈ పెట్టెలు పెద్దగా ఉపయోగపడవు. దానికి కంప్యూటరు, కాస్త పైతాను చాలు.

"ఎంత చెప్పినా ఉద్యోగమిచ్చేవాడు చూసేది సర్టిఫికెట్టే కదా" అనేవారున్నారు. నిజమే, తలుపు దగ్గర చూసేది అదే. అందుకే పరీక్ష వద్దని నేను అనడం లేదు. కాని లోపల కూర్చోబెట్టి "ఈ మధ్య నీవు చెడగొట్టి బాగుచేసినదేదైనా చెప్పు" అని అడిగితే, బట్టీ పట్టినవాడి దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. ఆ అమ్మాయి దగ్గర ఒక నోటుపుస్తకం ఉన్నది. నేనే పెట్టించాను. ఎడమ పేజీలో ఏమి చెడింది, ఏమనుకొన్నాను. కుడి పేజీలో అసలు కారణమేమిటి. తేదీతో సహా. ఎడమ పేజీకీ కుడి పేజీకీ మధ్య ఎంత దూరముందో చూసుకోవడమే చదువు. ఆమె ఇంకా పరీక్ష వ్రాయలేదు. ఫలితం ఏమైనా ఆ పుస్తకం మాత్రం మూడేళ్ళకు చెల్లిపోయేది కాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. కోచింగుకు ఇవ్వదలచిన సొమ్ములో కొంత బల్లకు ఇవ్వండి. ఆ బల్ల చిందరవందరగా ఉంటే సర్దమని గద్దించకండి. "ఇవాళ ఏమి నేర్చుకొన్నావు" అని కాక "ఇవాళ ఏమి చెడగొట్టావు" అని అడగండి. ఒక్క ఇంటికి భారమైతే నలుగురు పిల్లలు కలిసి ఒక బల్ల పెట్టుకోవచ్చు. రెండు స్విచ్‌లు, ఒక రౌటరు నలుగురికి చాలు, వంతులు వేసుకొంటే.

ఈ రంగంలోనే ఉద్యోగాలు చేస్తున్న మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. మీ ఆఫీసులో తీసివేసిన పాత స్విచ్‌లు తూకానికి పోయే ముందు, అడగవలసిన వారిని అడిగి, మీకు తెలిసిన ఒక పిల్లకో పిల్లవాడికో ఇప్పించగలరేమో చూడండి. దానితోపాటు మీరు మొదట్లో చెడగొట్టిన సంగతి ఒకటి చెప్పండి. పెట్టెకంటె అదే వాళ్ళకు ఎక్కువ ధైర్యమిస్తుంది.